నూట ఎనభై అని రాసిన కార్డు

తొమ్మిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో నాకు వచ్చిన మార్కుల్ని మా మాష్టారు అంకెల్లో వేసి, ఇంట్లోవాళ్లు నమ్మరేమోనని పక్కన అక్షరాల్లో కూడా రాశారు. ఆ కాగితం మా నాన్న చేతికి అందిన రోజుతో బడికీ నాకూ సంబంధం తెగింది. రెండు వైపులా కంటతడి పెట్టినవాళ్లు లేరు. అలాంటి నేను పదేళ్లు తిరిగేసరికి విజయవాడ గవర్నరుపేటలో కొలతలకు పేరుపడ్డ మనిషినయ్యానంటే, నా దగ్గరికి వచ్చినవాళ్ల జాతకాలు ఎంత బలహీనమైనవో మీరే ఆలోచించుకోండి.

కొలిచేది బియ్యమూ కాదు, బట్టా కాదు. కెమెరాలో పెట్టుకునే మెమరీ కార్డు ఫోటోల్ని తనలోకి ఎంత వేగంగా రాసుకుంటుందో కొలిచేవాణ్ణి. రీళ్ల కాలం పోయి డిజిటల్ కెమెరాలు పెళ్లిపందిళ్లలోకి దిగుతున్న రోజులవి, రెండువేల ఐదు, ఆరు ప్రాంతం. ఒక కాంప్లెక్సు సెల్లార్‌లో మెట్ల కింద నాకో కొట్టు ఉండేది. నిటారుగా నుంచుంటే నెత్తికి మెట్లు తగిలేవి. అందుకని ఎంత పెద్ద గిరాకీ అయినా నాకు నమస్కారం పెడుతున్నట్టే వంగి లోపలికొచ్చేవాడు. కార్డులు మద్రాసు నుంచి ప్లాస్టిక్ కవర్లో, వేరుశనక్కాయల్లా విడివిడిగా వచ్చేవి. అన్నింటి మీదా ఒకటే స్టిక్కరు. ఏది గట్టిదో, ఏది పుచ్చుదో పైకి తెలిసేది కాదు.

దానికో ఉపాయం ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గారు చెప్పారు. బ్యాటరీల కోసం వచ్చి, నా కంప్యూటరు వైరస్‌లతో మూలుగుతుంటే చూడలేక, సీడీ తెచ్చి లినక్స్ ఎక్కించిపెట్టిన మహానుభావుడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఏం కావాలన్నా ఆజ్ఞ టైపు చేసి అడగాలి. కార్డు వేగం కొలవడానికి డీడీ అనే ఆజ్ఞ ఒకటి కాగితం మీద రాసిచ్చారు. సున్నాలు ఎన్ని కావాలంటే అన్ని తోడుకునే చోటొకటి ఆ కంప్యూటర్లో ఉంటుందట. అక్కణ్ణుంచి సున్నాలు తోడి కార్డులో పోస్తే, ఎంతసేపు పట్టిందో చూసి, సెకనుకు ఇన్ని ఎంబీలని ఆఖరి వరసలో అదే చెబుతుంది. సున్నాలతో నాకు చిన్నప్పటి నుంచీ స్నేహం కాబట్టి పని తొందరగానే పట్టుబడింది.

ఆజ్ఞ చివర ఇంకో చిన్న ముక్క ఉంది. "ఇది మాత్రం మర్చిపోవద్దండీ," అని ఆయన దాని కింద గీత కూడా గీశారు. ఆ ముక్క కొడితే కంప్యూటరు నిమిషం దాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. ఎదురుగా గిరాకీ నడుము వంచి నుంచుని ఉండగా అంత మౌనం వ్యాపారానికి మంచిది కాదు. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఆ ముక్క తీసేశాను. బండి మీద ఊరికే కూర్చున్నవాణ్ణి దింపేసినట్టు, పని చిటికెలో అయిపోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒకటీ, రెండూ అంటూ నసిగిన అంకెలు నూట డెబ్బై, నూట తొంభై అయ్యాయి. నేను చదువు మానెయ్యడం వల్ల దేశానికి ఎంత నష్టం జరిగిందోనని మొదటిసారి బాధపడ్డాను.

వచ్చిన అంకెను స్కెచ్ పెన్నుతో కార్డు డబ్బీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. నెల తిరక్కుండా అదొక ముద్ర అయిపోయింది. కంకిపాడు నుంచీ, హనుమాన్ జంక్షన్ నుంచీ ఫోటోగ్రాఫర్లు వచ్చి, "నూట డెబ్బై కిందవి మాకొద్దు" అనేవాళ్లు. నేను గంభీరంగా తల ఊపేవాణ్ణి.

వాళ్లంతా వాళ్లకై వాళ్లు వచ్చినవాళ్లు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది ఒక్కరినే. వన్‌టౌన్‌లో స్టూడియో ఉన్న పెద్దాయన. యాభై దాటిన మనిషి. అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అదే అనేవాణ్ణి. డెల్టాలో రైతుల ఇళ్లకు ఆయన్ను పిలిచేది ముఖ్యంగా తెర ఫోటో కోసం. పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య పట్టిన తెర ముహూర్తానికి దించుతారు. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి, ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు రెండు క్షణాలు ఉంటుంది. తర్వాత సిగ్గొచ్చో, పక్కన ఎవరో నవ్వో, అక్షింతలు కంట్లో పడో కళ్లు కిందికి దిగిపోతాయి. ఆ రెండు క్షణాల్లో భాయ్ ఒక్కటంటే ఒక్క ఫోటో తీసేవారు. అది తప్పిన దాఖలా లేదు.

"అందరూ పంతులుగారి నోరు చూస్తారురా," అని నాకు చెప్పారొకసారి. "నేను డోలాయన భుజం చూస్తా. గట్టిమేళం అని పంతులు అరిచేలోపే ఆ భుజం లేస్తది. అప్పుడు ఊపిరి బిగబట్టుకోవాలి, అంతే."

ఇంకో అలవాటు కూడా ఉండేది. ముహూర్తం వేళకు కెమెరాలో కొత్త రీలు ఉండాలి. అందుకని పాత రీల్లో మిగిలిన నాలుగైదు ఫోటోలూ ముందే వెనక్కి వెళ్లి వంటవాళ్లకు తీసేసేవారు. డెల్టాలో ఏ వంటాయన ఇంట్లోనైనా గాడిపొయ్యి పక్కన గరిటె పట్టుకుని ఠీవిగా నుంచున్న ఫోటో కనబడితే, అది భాయ్ ముందుజాగ్రత్త.

కొత్త కుర్రాళ్లు డిజిటల్ కెమెరాలు పట్టుకుని ఆయన్ను పిలిచే ఇళ్లను ఒక్కొక్కటే తన్నుకుపోతున్నారు. నేను రోజూ వెళ్లి గోల పెట్టేవాణ్ణి. ఆయన మీద నాకు ప్రేమ. ప్రేమ ఉన్నచోట నా నోరు ఆగదు.

"రీళ్ల ఖర్చు లేదు భాయ్. నొక్కుతూనే ఉండొచ్చు. ఒకే దానికి ఇరవై తియ్యండి, మంచిది ఏరుకుందాం."

"ఒక్క పెళ్లికూతుర్ని ఇరవైసార్లు ఎందుకురా తియ్యడం? పారిపోద్దా?"

చివరికి కొన్నారు. కెమెరా నేనే తెప్పించాను. కార్డు నేనే కొలిచి, నూట ఎనభై అని రాసి, నా చేత్తో లోపల పెట్టాను. జాగ్రత్తలు చెబుతూ, "వెనకాల ఈ ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ లోపల కార్డు రాసుకుంటా ఉంటది. అది ఆరేదాకా కార్డు తలుపు తియ్యకూడదు భాయ్," అన్నాను. ఆయన ఆ మాటను కల్మా నేర్చుకున్నంత శ్రద్ధగా రెండుసార్లు నాకు అప్పజెప్పారు.

దానితో తీసిన మొదటి పెళ్లి ఉయ్యూరులో, చెరకు రైతుల ఇల్లు. పగటి ముహూర్తం. "మొదటిసారి కదరా, పక్కనుండు," అంటే నేనూ వెళ్లాను. పాత కెమెరా కూడా తెస్తానన్నారు. "దాన్నెందుకు మొయ్యడం, మ్యూజియంలో ఇచ్చేసి రసీదు తీసుకోండి," అన్నాను. నవ్వి, ఇంట్లోనే వదిలేశారు.

ఆ ఇంటి హాల్లో పెళ్లికూతురి తల్లిదండ్రుల తెర ఫోటో ఉంది. అదీ భాయ్ తీసిందే, కుర్రతనంలో. తల్లి కళ్లు పైకెత్తి చూస్తున్న చూపు గదిలో ఎటు నుంచున్నా మన వెనకాల ఎవర్నో చూస్తున్నట్టుంటుంది. దాని పక్కన ఖాళీ గోడకు కొత్త మేకు ఒకటి కొట్టి ఉంది.

పెళ్లికూతురు పసుపు చేతులతోనే వచ్చి దాన్ని చూపించింది. "నాది ఇక్కడికే అంకుల్. మేకు కూడా నేనే కొట్టించా."

"గోడ బలంగానే ఉందామ్మా? పెద్ద ఫ్రేము కట్టిస్తా," అన్నారు భాయ్.

బయటికొచ్చాక నాతో మెల్లగా, "ఈ ఇంటివాళ్లకి కంకిపాడు దాకా చుట్టాలేరా. ఇది బాగొస్తే ఇంకో పదేళ్లు నన్ను వదలరు," అన్నారు. అంతకుమించి ఆయన ఆశపడ్డది నేను ఎప్పుడూ వినలేదు.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. డోలాయన భుజం లేచింది. భాయ్ ఊపిరి బిగబట్టారు. నేను ఆయన చెవి దగ్గర, "నొక్కండి భాయ్, ఇక నొక్కుతూనే ఉండండి," అన్నాను. ఆయన నొక్కారు. టపటపటపమని తొమ్మిది పడ్డాయి. తొమ్మిదీ తెరవే. పంతులుగారు తెర దించుతూ దించుతూ ఒక్క గుక్క ఆలస్యం చేశారు, అంతే. కెమెరా ఆగిపోయింది. వెనకాల ఎర్రలైటు.

తెర దిగింది. ఆ పిల్ల కళ్లు ఎత్తింది. అచ్చం తల్లి చూపే. నేను చూశాను. కాబట్టి ఆ చూపు ఎలా ఉందో తెలిసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాన్ని మర్చిపోయే అదృష్టం ఇంతవరకూ కలగలేదు.

"నొక్కుతున్నానురా. పడట్లేదు." భాయ్ గొంతు మేళంలో కొట్టుకుపోయింది. వేలు నొక్కుతూనే ఉంది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. అది ఆరేసరికి అక్షింతలు పడిపోయాయి, పెళ్లికూతురి తల వంగిపోయింది.

రీలు కెమెరా అయితే సంగతి వారం తర్వాత తెలిసేది. ఇది డిజిటల్. పెళ్లికూతురి తల్లి అప్పుడే వచ్చి, "ఏదీ భాయ్, చూపించండి. వెనకాల కనపడుద్దంట కదా," అంది. భాయ్ కెమెరాను గుండెకేసి పట్టుకుని, "పడలేదమ్మా," అన్నారు.

ఆవిడకు అర్థం కాలేదు. "మళ్లీ తెర పట్టిద్దామా పోనీ?"

"ముహూర్తం రెండుసార్లు రాదమ్మా," అన్నారు పంతులుగారు, మంత్రం మధ్యలో ఆపి.

పెళ్లికూతురు తలెత్తకుండానే, "పోనీలే అంకుల్," అంది. తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, పెనమలూరు దాటాక, భాయ్ కెమెరా సంచి ఒళ్లోకి తీసుకున్నారు. తర్వాత అడిగారు. "కార్డు ఎంతన్నావురా?"

"నూట ఎనభై భాయ్."

"మరెందుకాగింది?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి రెండు మాటలు చాలు. చెత్త మాటలు దండిగా ఉండే నా నోటికి ఆ రెండే దొరకలేదు. "మీరు మరీ గట్టిగా నొక్కిపట్టేశారు భాయ్. రీలు కెమెరా చెయ్యి కదా. వేలికి అలవాటు తప్పుద్ది ఈ వయసులో," అన్నాను. నవ్విద్దామనే అన్నాను. ఆయన కుడిచేతి చూపుడువేలు ఎత్తి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

కార్డులో ఫోటోలు సీడీకి ఎక్కించమని నా దగ్గరే వదిలి వెళ్లారు. మూడు రోజుల తర్వాత లెక్చరర్ గారు వచ్చి, బల్ల మీద డబ్బీ చూసి ఆగిపోయారు.

"నూట ఎనభయ్యా? దేనికండీ ఇది?"

"కార్డు స్పీడండీ. మీరిచ్చిన ఆజ్ఞే."

"మన హార్డ్ డిస్కుకే అంత లేదండీ. చివర ముక్క కొడుతున్నారా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. ఆ ముక్క లేకపోతే కంప్యూటరు సున్నాలన్నీ ముందు తన దగ్గరే పెట్టుకుని, కార్డుకు ఇచ్చేశానని మనతో చెప్పేస్తుంది. ఉత్తరం చేతికి తీసుకోగానే అందజేశానని సంతకం పెట్టే పోస్టుమాన్ లాంటిదన్నమాట. నిజంగా ఇచ్చిన తర్వాతే నోరు విప్పమనడానికే ఆ ముక్క. "మీరు ఇన్నాళ్లూ కొలిచింది మీ కంప్యూటర్నండీ. కార్డుని కాదు," అని వంగి బయటికి వెళ్లిపోయారు.

ఫోటోలన్నీ సీడీకి ఎక్కించి, రెండుసార్లు సరిచూసుకుని, భాయ్ కార్డును మళ్లీ కొలిచాను. చివర ముక్కతో సహా. కంప్యూటరు నిమిషం దాకా మౌనంగా కూర్చుంది. ఈసారి ఎదురుగా గిరాకీ ఎవరూ లేరు, మౌనం మొత్తం నాకే మిగిలింది. ఆఖరి వరస వచ్చింది. ఒకటిన్నర. ఇంకోసారి కొట్టాను. ఒకటీ పాయింట్ నాలుగు.

ఒక్కో ఫోటో మూడు ఎంబీలు. ఒక్కోటి కార్డులోకి ఎక్కడానికి రెండు సెకన్లు. తొమ్మిదికి పద్దెనిమిది. అవి ఎక్కేదాకా కెమెరా ఇంకోటి తియ్యదు. తెర దిగినప్పటి నుంచి ఆ పిల్ల తల వంచుకునేదాకా ఎంతసేపో నాకు తెలుసు. జీవితంలో నేను సరిగ్గా చేసిన మొదటి లెక్క అది. చూసి మార్కులెయ్యడానికి మాష్టారే లేరు.

కొట్లో ఉన్న డబ్బీల మీద అంకెలన్నీ స్పిరిట్‌తో తుడిచేశాను. అమ్ముడుపోయినవి తుడవలేను. అన్నిటికంటే ముందు భాయ్ దగ్గరికి వెళ్లి చెప్పాలి. వెళ్లాను కూడా. ఆయన టీ తెప్పించారు. నేను ఏదో జోకు వేశాను, ఆయన నవ్వారు. ఇంకో జోకు వేశాను. టీ అయిపోయింది, వచ్చేశాను. అలా ఎన్నిసార్లు వెళ్లానో, అన్నిసార్లు నవ్వించి వచ్చాను. నిజం చెప్పాలని నోరు తెరవడం, తెరిచిన నోటిని ఖాళీగా ఉంచలేక చమత్కారం ఒకటి పడేయడం. నా తెలివికి జనం ముచ్చటపడేవాళ్లు. నాకు మాత్రం అప్పటి నుంచే అదంటే అసహ్యం పుట్టింది.

ఉయ్యూరు వాళ్లు ఏమీ అనలేదు. మర్యాదస్తులు. ఆ ఇంట్లో ఆ తర్వాతి పెళ్లికి మాత్రం రెండు కెమెరాల కుర్రాళ్లు వెళ్లారు. కంకిపాడు చుట్టాలూ అంతే. ఆ మేకుకు తర్వాత ఏం తగిలించారో నేను చూడలేదు.

ఆరునెలలకు భాయ్ కెమెరా సంచితో సహా నా కొట్లోకి వంగి వచ్చారు. "ఎవరికైనా ఇచ్చెయ్‌రా. నాకిక పందిళ్లు వద్దు. పాసుపోర్టు ఫోటోలు చాలు. కూర్చోబెడితే కదలకుండా కూర్చుంటారు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. సంచి అందుకున్నాను. "కూర్చోండి భాయ్, కూల్‌డ్రింక్ తెప్పిస్తా," అన్నాను. అదీ నేను చెప్పింది.

ఇంకో రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లేసరికి ఆయన బల్ల మీద మాత్రల అట్ట ఉంది. ఏంటి భాయ్ ఇవి అంటే, "నరాలకిరా. వేలికి. డాక్టరు చూసి ఏం లేదన్నాడు. లేకపోతే కెమెరా ఎందుకు ఆగుద్ది చెప్పు? నేనే బతిమాలి రాయించుకున్నా. వాడతానే ఉన్నా అప్పట్నుంచీ," అన్నారు.

ఆ రోజు నాకు జోకు రాలేదు. మొత్తం చెప్పేశాను. సున్నాలూ, చివర ముక్కా, ఒకటిన్నరా, బస్సులో అన్న మాటా, అన్నీ. లోపల స్టూలు మీద ఒకాయన తల దువ్వుకుని ఫోటో కోసం ఎదురుచూస్తున్నాడు. భాయ్ కుడిచేతి చూపుడువేలు చూసుకున్నారు.

"నా వేలు కాదా అయితే?" అన్నారు.

"కాదు భాయ్."

ఆయన మాత్రల అట్ట తీసి సొరుగులో వేశారు. పారెయ్యలేదు, సొరుగులోనే వేశారు. లోపలికి వెళ్లి, "గడ్డం కొంచెం పైకెత్తండి," అని స్టూలు మీది మనిషితో అన్నారు. ఒక్క ఫోటో తీశారు. నేను గుమ్మంలో నుంచునే ఉన్నాను. ఆయన మళ్లీ బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆయన్ను చూసింది కంకిపాడులో ఒక పెళ్లిలో. పాత పరిచయం కొద్దీ పిలిచారు, ఫోటోకు కాదు, భోజనానికి. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఆయన లెమ్మనలేదు, రమ్మనలేదు. పందిట్లో నాలుగు కెమెరాలు తెరకేసి గురిపెట్టి ఉన్నాయి. ఎవరూ డోలాయన భుజం చూడట్లేదు. ఆయనొక్కరే చూస్తున్నారు, ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి బిగబట్టి.

తెర దిగింది. కెమెరాలన్నీ టపటపలాడాయి. మేళం తగ్గేదాకా ఆగి, ఇన్నాళ్ల తర్వాతైనా అడగొచ్చనుకుని అడిగాను.

"నా మీద కోపం పోయిందా భాయ్?"

ఆయన పందిట్లోకే చూస్తూ అన్నారు. "ఎర్రలైటు ఇంకా వెలుగుతానే ఉందిరా. ఆరేదాకా తలుపు తియ్యకూడదని నువ్వే కదా చెప్పింది."